మొలతాటికి కట్టిన సంతకం

నేను ఒక సంతకాన్ని. నవ్వకండి. మీకు వేలుంటుంది, పెన్నుంటుంది, సిరా ఉంటుంది. ఆ మూడింటినీ కలిపి బొటనవేలంత నీలం ప్లాస్టిక్ ముక్కలో ఇరికిస్తే, అదే నేను. మీవాళ్లు నన్ను టోకెన్ అంటారు. కంప్యూటర్ పక్కనున్న సందులో నన్ను గుచ్చి, ఎవరికీ చెప్పకూడని రహస్య అంకెలు కొడితే, తెర మీది పత్రానికి సంతకం పెట్టేస్తాను. ఆ సంతకం కోర్టులో కూడా చెల్లుతుంది. ఎంత బాగా చెల్లుతుందో ఒక మనిషిని చూస్తే మీకే తెలుస్తుంది. ఆయన సంగతి చెప్పడానికే ఈ గోడంతా.

ప్రస్తుతం నా మకాం కోర్టు మాల్‌ఖానా, అంటే కేసుల్లో పట్టుకున్న సామాను దాచే గది. నన్ను గుడ్డసంచిలో పెట్టి కుట్టి, లక్క పోసి, ముద్ర కొట్టి, ఒక అరలో పడేశారు. కుడిపక్క ఒక కొడవలి ఉంది. గట్టు తగాదాలో మనిషిని నరికిందట. ఎడమపక్క సారా సీసాలు. కొడవలి మీద మరక ఉంది, అది చేసిన పని దాని ఒంటి మీదే రాసి ఉంది. నేను పెట్టని సంతకానికి ఇక్కడ కూర్చున్నాను. పైగా నేను పెట్టలేదని చెప్పడానికి నాకు నోరు లేదు. నోరు లేకుండా చెయ్యడమే నా తయారీలో గొప్పతనమని నన్ను చేసినవాళ్లు చెప్పుకుంటారు.

నేను పుట్టింది హైదరాబాదులో, ఫ్యాక్టరీల పేటలో, రేకుల షెడ్ల మధ్య లేచిన రెండంతస్తుల మేడలో. కంపెనీ పేరు చెప్పను. చెబితే మాల్‌ఖానా అని కూడా చూడకుండా వాళ్ల వకీలు వచ్చి కూర్చుంటాడు. యజమాని సీతాపతి గారు. గుంటూరు వైపు మనిషి, మాట దురుసు, చెయ్యి ధారాళం. లెక్కల పని చూసేవాడు మురహరి. వరంగల్‌లో గణితం చదివాడు, మెతక మనిషి, అంకెలంటే ప్రాణం. నాకు ప్రాణం పోసింది అతనే.

మాకు ప్రాణం పోయడమంటే ఏమిటనుకున్నారు? కడుపులో రెండు ప్రధాన సంఖ్యలు పెట్టడం. మీరు బడిలో చదివి మరిచిపోయినవే. ఏడు, పదకొండు, పదమూడు లాంటివి. ఒకటికీ తనకూ తప్ప ఎవరికీ భాగం ఇవ్వని మొండిఘటాలు. అయితే మాకు కావలసినవి ఇంత చిన్నవి కావు, మూడు వందల అంకెల పొడవుండాలి. అలాంటివి రెండు వెతికి, ఆ రెంటినీ గుణించి, వచ్చిన లబ్ధాన్ని లోకమంతా చాటుతారు. నేను పెట్టే ప్రతి సంతకంతోనూ ఆ లబ్ధం బయటికి వెళుతుంది. ఆ రెండు సంఖ్యలు మాత్రం కడుపులోనే ఉండిపోవాలి. గుణించడం చిటికెలో పని. లబ్ధం చూసి ఆ రెండూ ఏవో చెప్పమంటే లోకంలోని కంప్యూటర్లన్నీ కలిసినా చేతులెత్తేస్తాయి. వరిపిండీ జొన్నపిండీ కలిపేసి, మళ్లీ విడివిడిగా ఇవ్వమంటే ఎవరివల్ల అవుతుంది? మా భద్రతంతా ఆ మాట మీదే నిలబడింది.

ఇక ఆ సంఖ్యలు వెతకడం ఒక యజ్ఞం. ఎక్కడో ఒక పెద్ద సంఖ్యను పట్టుకోవాలి, అది ప్రధానమా కాదా అని పరీక్షించాలి. వందల సంఖ్యలు చూస్తే ఒక్కటి తేలుతుంది. పరీక్ష కూడా చిత్రంగా ఉంటుంది. ఒక చిన్న సంఖ్యను తెచ్చి, పెద్ద సంఖ్య ముందు నిలబెట్టి, పెద్ద లెక్కొకటి చేయిస్తారు. ఆ చిన్న సంఖ్యను సాక్షి అంటారు. సాక్షి 'ఇది దొంగ సంఖ్య' అని చెప్పిందంటే అది దొంగే, ఇంక అప్పీలు లేదు. కాని ఎప్పుడో ఒకసారి దొంగను చూసి కూడా సాక్షి ఊరుకుంటుంది. అందుకని ఒక్క సాక్షి మాట మీద ఎవరూ ఆధారపడరు. ఒకదాని తర్వాత ఒకటి ఎన్నో సాక్షుల్ని అడుగుతారు, అన్నీ ఊరుకుంటేనే అది ప్రధానమని నమ్ముతారు. అంకెల విషయంలో మనుషులకు ఇంత జాగ్రత్త ఉంది. మనుషుల విషయంలో ఎంత ఉందో తర్వాత చూద్దురుగాని.

మా బుర్ర చిన్నది. ఒక్కో టోకెన్‌కు ఈ వెతుకులాట నిమిషం దాటేది. ట్రేలలో మమ్మల్ని పరిచి కరెంటు పెడితే, కళ్లు ఆర్పుకుంటూ కూర్చునేవాళ్లం. అప్పుడే సీతాపతి గారికి పెద్ద ఆర్డరు తగిలింది. ఆఫీసర్లకూ కోర్టులకూ అందరికీ టోకెన్లు ఇవ్వాలి, గడువు దగ్గర పడింది. ఆయన రోజూ వచ్చి మా ట్రేల ముందు నిలబడి గొణిగేవాడు.

"ఏమయ్యా మురహరీ, అంకెల్ని వెతుకుతున్నావా, పెళ్లికూతుర్ని వెతుకుతున్నావా? ఈ లెక్కన ఆర్డరు పూర్తయ్యేసరికి నా మనవడికి పెళ్లీడొచ్చుద్ది."

"పరీక్ష తగ్గియ్యమంటరా సార్? తగ్గిస్తే దొంగ సంఖ్యలు జొరబడ్తయ్. అది నాతోని కాదు."

"తగ్గించమన్లేదయ్యా. తొందరగా చెయ్యమన్నా. చదువుకున్నోడివి, ఏదో ఒకటి చూడు."

మురహరి చూశాడు. అతని బుర్ర చురుకైనదే, అది నేను కాదనను. ముందు జల్లెడ పట్టాడు. ప్రతి సంఖ్యనూ పెద్ద పరీక్షకు పంపడం ఎందుకు? ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి, అక్కడినుంచి వరసగా కొన్ని వేల సంఖ్యల్ని ఒక పట్టీలా పరిచి, మూడుతో పోయేవి, అయిదుతో పోయేవి, ఏడుతో పోయేవి, ఇలా చిన్న ప్రధానాలతో భాగింపబడేవన్నీ ముందే కొట్టిపారేశాడు. తాలు పోయి గట్టిగింజలు మిగిలినట్టు కొన్నే మిగిలాయి. వాటినే పెద్ద పరీక్షకు పంపాడు. పని సగానికి సగం తగ్గింది. ఇదంతా నిఖార్సయిన పనే, ఎవరూ వేలెత్తి చూపలేరు.

సీతాపతి గారికి సగం చాలలేదు. "ఇంకా, ఇంకా" అన్నాడు. మురహరి జుట్టు పీక్కున్నాడు. ఇప్పుడు ఎక్కువ కాలం తింటున్నది ఆ పట్టీని జల్లించడమే. మొదటి సంఖ్య కోసం ఒక పట్టీ, రెండో సంఖ్య కోసం ఇంకెక్కడో ఇంకో పట్టీ. అప్పుడు తట్టిందతనికి. ఒకసారి జల్లించిన పిండి ఉండగా ఇంట్లో ఎవరైనా మళ్లీ జల్లిస్తారా? ఆ పిండితోనే అరిసెలూ వండుతారు, అప్పాలూ వండుతారు. మొదటి సంఖ్య దొరికిన పట్టీలోనే ఇంకొంచెం ముందుకు పోతే రెండోది కూడా దొరుకుతుంది కదా!

దొరికింది. మా ట్రేలో దీపాలు టపటపా వెలిగిపోయాయి. సీతాపతి గారు మురహరిని కావలించుకున్నంత పని చేశాడు. ఆ మేడంతా నేతి మిఠాయి పంచారు, అందరి ముందూ అతనికి శాలువా కప్పారు. మురహరి సిగ్గుపడుతూ ఫోటో దిగాడు. మమ్మల్ని పరీక్షించిన సాక్షులందరూ ఊరుకున్నారు, ఎందుకంటే మా సంఖ్యల్లో తప్పేమీ లేదు. మొదటిదీ ప్రధానమే, రెండోదీ ప్రధానమే. ఒక్కోదాన్ని విడివిడిగా తిప్పితిప్పి చూసినవాళ్లే గాని, ఆ రెంటి మధ్య దూరమెంతో చూసినవాడు ఒక్కడూ లేడు.

కొన్నాళ్లకు కొత్తగా చేరినవాళ్లకు మురహరి పాఠం చెబుతున్నాడు. నేనున్న ట్రే ఆ గదిలోనే బల్ల మీద ఉంది, ఇంకా మూతలు బిగించలేదు. తేలిగ్గా ఉంటుందని బోర్డు మీద రెండు చిన్న ప్రధానాలు రాశాడు. యాభై తొమ్మిది, అరవై ఒకటి. గుణించాడు. మూడువేల అయిదువందల తొంభై తొమ్మిది. "ఇప్పుడు ఇది చూసి ఆ రెండూ చెప్పుండ్రి" అని నవ్వబోయి, ఆగిపోయాడు. మూడువేల ఆరువందలకు ఒక్కటి తక్కువ. మూడువేల ఆరువందలంటే అరవై అరవైలు. అరవైకి అటొకటి, ఇటొకటి. బడిపిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. రెండు సంఖ్యలు పక్కపక్కనే ఉంటే లబ్ధానికి వర్గమూలం తీస్తే చాలు, రెంటి నడుమా వెళ్లి నిలబడతావు. అవి ఎంత పొడవైనవైతే ఏమిటి?

పాఠం ఆపేసి అందరినీ టీకి పంపించాడు. ట్రేలోంచి నన్ను తీశాడు. నా లబ్ధాన్ని తన కంప్యూటర్‌కిచ్చి వర్గమూలం తీయించాడు. అతను కుర్చీలో సర్దుకునేలోపే నా కడుపులోని రెండు సంఖ్యలూ తెర మీద నిలబడ్డాయి. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. నన్ను గుప్పిట్లో పట్టుకుని సీతాపతి గారి గదికి పరుగెత్తాడు.

"సార్, ఆపుండ్రి. రెండు నంబర్లూ ఒకదాని పక్కన ఒకటి వస్తున్నయ్. వర్గమూలం తీస్తే అయిపాయె, ఎవడైనా ఇప్పుతడు. ఇగ ఎవరి సంతకం ఎవరైనా పెట్టొచ్చు."

సీతాపతి గారు తలుపు వేశాడు. "ఎన్ని పోయినయ్ ఇప్పటిదాకా?"

"నీలం రంగువి అన్నీ పోయినయ్ సార్. ఈ ట్రే ఒక్కటే మిగిలింది."

"పోయినవాటిని వెనక్కి పిలిచి ఏమని చెప్పమంటావు? తాళం అమ్మాం, తాళంచెవి తలుపుకే తగిలించి అమ్మాం అని చెప్పాలా? రేపీపాటికి కంపెనీ ఉంటదా? కింద పనిచేసే ఆడపిల్లలకి జీతాలుంటయ్యా? ఆరొందల అంకెల నంబరుకి వర్గమూలం తియ్యాలని ఎవడికి కల వచ్చుద్దయ్యా? నువ్వు నోరు తెరవకపోతే లోకంలో ఎవడికీ తెలీదు. ఇకనుంచి చేసేవి సరిచెయ్. ఇట్టాంటివి మళ్లీ కలవకుండా రంగు మార్చు. ఎర్రవి చెయ్."

"మరి గీ ట్రే?"

"అదీ ఆ ఆర్డరుదే గదా. పంపెయ్."

మురహరి చాలాసేపు నన్ను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి చెమట పట్టింది. నేల మీద పడేసి చెప్పుకాలితో తొక్కేస్తాడేమో అనుకున్నాను. తొక్కేసి ఉంటే ఎంత బాగుండేది! తుడిచి మళ్లీ ట్రేలో పెట్టాడు. సాయంత్రానికి నాకు మూత బిగిసింది. ఇక నా కడుపులో ఏముందో నేను ఎవరికీ చెప్పలేను. నన్ను చేసినవాడు అలా చేశాడు. తన నోటికి కూడా అలాగే మూత బిగించుకున్నాడు.

నేను చేరింది కర్నూలు వైపు ఒక విత్తనాల ఊరికి. అక్కడ చేలల్లో పంట తిండికి కాదు, విత్తనానికి పండిస్తారు. ఆ విత్తనం మంచిదని సంతకం పెట్టేవాడు విత్తన ధ్రువీకరణ అధికారి. పేరు బాలంకయ్య. యాభై దాటిన మనిషి, నల్లగా, పొడుగ్గా, ఎండకు ఎండి చింతబరికెలా ఉండేవాడు. ఆ మనిషికి మూడే ప్రేమలు. భార్య ఈరమ్మ, పత్తిచేను, ఆకుపచ్చ సిరాతో తను పెట్టే సంతకం. నేను వచ్చి ఆ మూడోదాన్ని లాగేసుకున్నాను.

"ఏమి ఇది, బీడీ లైటరు మాదిరి ఉండాది?" అన్నాడు నన్ను చూసి.

ఆఫీసులో కంప్యూటర్ చూసే సులోచన నవ్వింది. "ఇదే సార్ ఇంక మీ సంతకం. ఇదీ, దీని నంబరూ నాకిచ్చేయండి. అన్ని ఆఫీసుల్లో సార్లు అట్లనే ఇస్తారు. మీకెందుకు ఆ బాధ, నేనే కొట్టేస్తా."

"నువ్వు పెడితే అది నా సంతకమెట్ల అయితాదమ్మా? చేను చూసేది నేను, పేరు పెట్టేది నువ్వా?"

ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదు. లోకంలో నా తోబుట్టువులు సగం ఆపరేటర్ల సొరుగుల్లోనే బతికాయి. బాలంకయ్య మాత్రం నన్ను బీరువా తాళంచెవితో కలిపి మొలతాటికి కట్టుకున్నాడు. స్నానం చేసేటప్పుడు ప్లాస్టిక్ కాగితం చుట్టేవాడు. నిద్రలో కూడా చెయ్యి నడుము మీదికి పోయి నేనున్నానో లేనో తడిమేది. ఈరమ్మ దెప్పేది. "ఇన్నేండ్లు కాపురం చేస్తి, దానికుండే మర్యాద నాకు లేకపాయె." ఆయన నవ్వేసేవాడు. నిజం చెప్పాలంటే నా బతుకులో నేను గర్వపడిన రోజులు అవే.

సంతకం కోసం ఆయన పడే తిప్పలు చూస్తే నాకే జాలేసేది. చేను ప్రతి సాలూ నడిచేవాడు. తేడా మొక్క కనిపిస్తే తన చేత్తోనే పీకేవాడు. కోసిన విత్తనాన్ని తడిగుడ్డలో చుట్టి, మొలకలెన్ని వచ్చాయో చూసేవాడు. అన్నింటికన్నా ఎక్కువ పట్టింపు దూరం. ఒక రకం పత్తికీ ఇంకో రకం పత్తికీ మధ్య ఇంత ఖాళీ ఉండాలని నియమం, లేకపోతే ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకు అంటి జాతి చెడుతుంది. అడుగు తగ్గినా చేను మొత్తం కొట్టేసేవాడు. ఎవరెంత బతిమాలినా వినేవాడు కాదు. "రెండూ మంచి రకాలే గావచ్చురా నాయనా. దగ్గర దగ్గర ఉండాయి, అదే తప్పు" అనేవాడు. ఆయన నడుముకు వేలాడుతూ ఆ మాట విన్నప్పుడల్లా నా కడుపులో ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

ఆ ఊళ్లల్లో ఆయన పేరు అంత గట్టిది. నారెమ్మ అని ఒక రైతు ఉండేది. మొగుడు పోయాక నాలుగెకరాలు తనే చేసుకునేది. "బాలంకయ్య సారు గుర్తుంటే కండ్లు మూసుకొని ఇత్తనం ఇత్తొచ్చు" అని అంగట్లో అందరి ముందూ చెప్పేది. ఈయన విననట్టు తల వంచుకుని వెళ్లిపోయేవాడు, కాని ఇంటికెళ్లాక ఆ మాట ఈరమ్మకు చెప్పుకునేవాడు.

ఆ మాటనే ఎవడో దోచుకున్నాడు. ఎవడో నాకు తెలియదు. నా సంతకమున్న పత్రం ఒకటి పట్టుకున్నాడు, అందులోని లబ్ధానికి వర్గమూలం తీశాడు, అంతే. తాళంచెవి తలుపుకే వేలాడుతోంది కదా! ఒక పనికిమాలిన పత్తి విత్తనాల లాటుకు, అంటే ఒకే తడవ బస్తాలకెత్తిన విత్తనానికి, బాలంకయ్య పేరున ధ్రువపత్రం పుట్టింది. ఆ సంతకం పడిన వేళకు నేను ఆయన నడుముకే ఉన్నాను, ఆయన ఒక చేలో వంగి తేడా మొక్కలు పీకుతున్నాడు. మా ఇద్దరికీ తెలియకుండా మా సంతకం మార్కెట్టుకు వెళ్లిపోయింది.

పత్తి నిలువెత్తు పెరిగింది, కాయ పట్టలేదు. రైతులు ఆఫీసుకు వచ్చారు. అందరూ అరుస్తున్నారు. నారెమ్మ ఒక్కతే అరవలేదు. వేళ్లతో సహా పెరికిన పత్తిమొక్కను తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"కంపెనీవోణ్ని నమ్మలేదు, అంగడోణ్ని నమ్మలేదు. నీ గుర్తు చూసి ఇత్తితిమి గదయ్యా సారూ."

"నేను పెట్టలేదమ్మా. ఆ లాటు నేను చూడనే లేదు."

"మరి ఎవురు పెట్టిరి? నీ పేరే ఉండాదంట గదా."

ఆయన చెయ్యి నడుము మీదికి పోయింది. నేనక్కడే ఉన్నాను. పోయి ఉంటే బాగుండేది, ఎవడో కొట్టేశాడని చెప్పుకోవడానికైనా ఉండేది. నారెమ్మ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ మొక్కను ఆయన పారేయలేదు, అది బల్ల మీదే ఎండిపోయింది.

విచారణ మొదలైంది. పైఆఫీసరు మంచివాడే. పక్కకు పిలిచి ఉపాయం చెప్పాడు. "టోకెన్ ఆపరేటర్‌కు ఇచ్చానని ఒక్క ముక్క రాసివ్వండి బాలంకయ్య గారూ. అందరూ చేసేదే. నిర్లక్ష్యం కింద రాస్తాం, ఒక ఇంక్రిమెంటు కోసి వదిలేస్తాం."

"ఇయ్యలేదు సార్. ఇయ్యనిది ఇచ్చినానని ఎట్ల రాస్తాను? రేపు ఆ పాప ఇంటికి పోలీసోళ్లు పోరా?"

"అయితే ఎవరి చేతికీ ఇవ్వలేదంటారు."

"నా పెండ్లాం చేతికి గూడా ఇయ్యలేదు."

ఆ మాటతో ఆయన తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. ఎవరికీ ఇవ్వలేదంటే ఆయనే పెట్టినట్టు. సొరుగులో పారేసినవాళ్లందరూ హాయిగా ఉన్నారు, మొలతాటికి కట్టుకున్నవాడు ముద్దాయి అయ్యాడు. నిప్పుకు చెదలు పట్టదని మీ పెద్దలు అంటారు. చెదలు పట్టకపోవచ్చు, నీళ్లు పోసి ఆర్పడానికి ఎంతసేపు?

ఉద్యోగంలోంచి నిలిపేశారు. కేసు కోర్టుకెక్కింది. నన్ను మొలతాటి నుంచి కోసి, ఆధారమని పేరు పెట్టి, కోర్టు బల్ల మీదికి చేర్చారు. జైలు గురించి ఆయనకు అంత దిగులు ఉన్నట్టు లేదు. వాయిదాకు వచ్చినప్పుడల్లా వకీలుతో ఒకటే మాట. "నారెమ్మకు తెలియల్ల సార్. నేను పెట్టలేదని కోర్టు చెప్తే ఆయమ్మ నమ్ముతాది. అంతే చాలు నాకు."

వాయిదాల మీద వాయిదాలు పడ్డాక, కంపెనీ తరఫున టోకెన్ గురించి చెప్పడానికి సాక్షి వచ్చాడు. ఎవరనుకున్నారు? మురహరే. ఇప్పుడు జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, మేనేజర్ అయ్యాడు. బోనెక్కి ప్రమాణం చేశాడు. నన్ను అతని చేతికిచ్చారు. ఆ అరచేయి నాకు తెలుసు, మళ్లీ చెమట పట్టింది.

"ఇది మీరు తయారుచేసిందేనా?" ప్రభుత్వ వకీలు అడిగాడు.

"మా కంపెనీదే."

"ఇందులో ఉన్నవి ప్రధాన సంఖ్యలేనా? సరిగ్గా పరీక్షించారా?"

"రెండూ ప్రధాన సంఖ్యలే. ప్రతి సంఖ్యనూ చాలాసార్లు పరీక్షించాం."

"ఈ సంఖ్యలు లేకుండా ఈ సంతకం ఎవరైనా పెట్టగలరా?"

"ఆ సంఖ్యలు లేకుండా పెట్టలేరు."

అబద్ధం ఒక్కటైనా ఉందా చెప్పండి? లేదు. అన్నీ నిజాలే. బాలంకయ్య వకీలు లేచి, ప్లాస్టిక్ ఎక్కడినుంచి తెస్తారు, కొరియర్ ఎవరు అని ఏవేవో అడిగి కూర్చున్నాడు. ఆ రెండు సంఖ్యలు ఎంత దూరంలో ఉన్నాయని ఎవరూ అడగలేదు. ఆ కోర్టు హాల్లో దూరం విలువ తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన చేతులు కట్టుకుని ముద్దాయి చోట నిలబడ్డాడు. మూడు వందల అంకెల దొంగను పట్టడానికి పదిమంది సాక్షులను అడిగే ఈ మనుషులు, బాలంకయ్యను తేల్చడానికి ఈ ఒక్కణ్ని అడిగి సరిపెట్టుకున్నారు. ఆ ఒక్కడూ ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే కోర్టు ఆఫీసు గదిలో అందరూ మళ్లీ కలిశారు. ఆ గదికి పెద్దయిన సిరస్తాదారు విశాలాక్షి గారు సాక్ష్యం నకలు సిద్ధం చేస్తున్నారు. నకలు కోసం బాలంకయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. సాక్షికిచ్చే దారిఖర్చుల బత్తా కాగితం మీద సంతకానికి మురహరి వచ్చాడు. బల్ల మీద నన్ను సంచిలో పెట్టి, గుమాస్తా లక్క కరిగిస్తున్నాడు. విశాలాక్షి గారు సొరుగు తీసి తన టోకెన్‌ను కంప్యూటర్‌కు గుచ్చారు. నీలం రంగుది. నా తోబుట్టువు.

మురహరి దాన్ని చూశాడు. ఆమె దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

"మేడం, అది వాడకండి. పాత రకం. రేపే మనిషిని పంపిస్తాను, కొత్తది ఇస్తాం. డబ్బులేం అక్కర్లేదు. కోర్టులో ఉన్నవన్నీ మార్చేద్దాం."

"ఇది బాగానే పనిచేస్తోందండీ."

"పనిచేస్తది మేడం. అయినా మార్చుకోండి. జాగ్రత్త కోసం."

విత్తనాల మనిషికి చూపూ పదునే, చెవీ పదునే. బాలంకయ్య తలుపు దగ్గర్నుంచి రెండడుగులు లోపలికి వచ్చాడు.

"ఏమి బాబూ, ఆయమ్మది ఎందుకు మారుస్తుండావు?"

"పాతది సార్. అంతే."

"నాదీ ఆ రంగే గదా."

మురహరి బల్ల వైపు చూశాడు. గుమాస్తా అప్పుడే నా సంచి మూతి మీద లక్క పోసి ముద్ర అదిమాడు. ఇంకా పొగ వస్తోంది.

"మీదానికి సీలు పడిపోయింది సార్."

బాలంకయ్య నా సంచిని చూశాడు, ఆమె చేతిలోని నీలం ముక్కను చూశాడు. తర్వాత చేలో రైతును అడిగినట్టు నెమ్మదిగా అడిగాడు.

"రెండూ ఒకే లాటువా బాబూ?"

మురహరి పెన్నుకు మూత బిగించాడు.

"మేము ఒక లాటులో పిడికెడు గింజలు చెడ్డవి తేలితే లాటంతా ఆపేస్తాం. ఎవునింటికి పోయుంటే వాని ఇంటికి పోయి వెనక్కి తెస్తాం. నువ్వు ఆయమ్మది ఆపుతుండావు. నాది ఆపలేదు. లోపల బోనులో నిలబడి ఈ ముక్క చెప్పకపోతివే."

"లోపల నన్నెవరూ అడగలేదు సార్." ఆ మాట నేలను చూస్తూ అన్నాడు. అని, బత్తా కాగితం కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు.

బాలంకయ్య పరుగున పోయి తన వకీలుకు చెప్పాడు. ఆయన విసుక్కున్నాడు. "లాటూ గీటూ విత్తనాలకండీ. సాక్షిని మళ్లీ పిలవాలంటే కారణం రాయాలి. రంగు ఒకటే అని రాస్తే జడ్జిగారు నవ్వుతారు." మర్నాడే ఎర్ర టోకెన్లు వచ్చాయి. నీలంవన్నీ లెక్కపెట్టి పట్టుకెళ్లి పొడి చేసేశారట. ఇప్పుడు ఆ లాటులో ఈ కోర్టు చాయల మిగిలింది నేనొక్కదాన్నే, లక్క కింద.

తీర్పు వచ్చింది. రెండేళ్లు శిక్ష, ఉద్యోగం ఊడింది. అప్పీలు కోసమని ప్రస్తుతానికి బయట ఉన్నాడు. అప్పీలు తేలేదాకా నన్నూ పారేయరు. నారెమ్మ తీర్పు రోజు వచ్చిందట, వెనక వరసలో కూర్చుని మొత్తం విన్నదట. బయటికి వచ్చి ఆయన ముందునుంచే తల తిప్పి చూడకుండా నడిచి వెళ్లిందని గుమాస్తాలు చెప్పుకున్నారు. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవాడు. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడట, చెయ్యి మాత్రం ఖాళీ మొలతాటిని తడుముకుంటూనే ఉందట.

తీర్పు నకలు కింద ఎర్ర టోకెన్ సంతకం ఉంది. మురహరి ఈసారి బుద్ధిగా చేశాడు. దాని కడుపులోని రెండు సంఖ్యలూ ఒకదానికొకటి ఎంతెంతో దూరంలో ఉంటాయి, వర్గమూలాలు తీసి ఎవడూ పట్టలేడు. ఆ కాగితం మీద దొంగ సంతకం పెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ చెడ్డ విత్తనానికి బాలంకయ్యే సంతకం పెట్టాడని రాసిన ఆ కాగితం నూటికి నూరుపాళ్లూ అసలైనది.